అక్క సర్దిన పెట్టె

తెర మీద పసుపు గుండ్రం తిరుగుతోంది. తిరగనీ, దాని పనే తిరగడం, కళ్ళప్పగించి చూసినంత మాత్రాన తొందరపడుతుందా అని పొట్టి ఎన్నోసారో తనకు తాను చెప్పుకుని కుర్చీ అటు తిప్పేసింది, తిప్పిన మరుక్షణమే మళ్ళీ ఇటు తిప్పింది. పేరుకే పొట్టి. పదో తరగతిలోనే అక్కను దాటి జానెడు పెరిగింది, అయినా అక్క పెట్టిన పేరు అతుక్కుపోయింది. ఆ పేరు ఇంట్లోంచి ఆఫీసుకు కూడా అక్క వెంటే వచ్చింది, అక్క ఈ ఆఫీసు మానేసి వెళ్ళిపోయినా అది మాత్రం ఇక్కడే ఉండిపోయింది, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు సైతం వెనకాల పొట్టి మేడం అనే అంటున్నారని ఆమెకు తెలుసు. అననీ. గుండ్రం తిరుగుతోంది. మొదటి అంచె ఆకుపచ్చ, రెండోది ఆకుపచ్చ, మూడోది తిరుగుతోంది, నాలుగోది లేబుల్ టెస్టు, అది బూడిద రంగులో తన వంతు కోసం కూర్చుని ఉంది. పొద్దున్నుంచి ప్రతిసారీ అంతా పచ్చపచ్చగా నడిచి అక్కడికొచ్చేసరికి ఎర్రబడుతోంది. చేతిలో నీళ్ళ సీసా ఉంది, దాని మీది కాగితాన్ని గోటితో గీకుతోంది, ఇందాకటి నుంచీ గీకుతూనే ఉన్నట్టుంది, బల్లంతా కాగితం పొట్టు.

ఇదంతా ఏం పనే అని అమ్మ ఒకసారి అడిగింది, అప్పటికింకా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే స్కూటర్ మీద ఒకే ఆఫీసుకు వస్తున్న రోజులు. ప్రోగ్రామ్ ఒక్కటీ పంపితే అవతలి మెషీన్ మీద నడవదమ్మా, దానికి కావలసిన చిన్నాచితకా అన్నీ కలిపి ఒక పెట్టెలో సర్దుతాం, సీలు వేస్తాం, గోదాములో పెడతాం, ఏ ఊళ్ళో మెషీన్ ఆన్ అయినా గోదాము నుంచి ఆ పెట్టె తెప్పించుకుని విప్పుకుంటుంది, ఇంక ఎవర్నీ ఏదీ అడగక్కర్లేదు, పెట్టెను కంటైనర్ ఇమేజ్ అంటాం, గోదామును రిజిస్ట్రీ అంటాం అని పొట్టి ఓపిగ్గా చెప్పింది. అమ్మ అంతా విని, అయితే మీ ఇద్దర్నీ ఇంతింత చదువులు చదివించింది పెట్టెలు సర్దడానికన్నమాట అంది. అక్క నవ్వి నవ్వి పొలమారి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది. అక్క నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. ఆ నవ్వు చివరిసారి ఎప్పుడు చూసింది? బాబాయి కూతురి పెళ్ళిలోనా, కాదు, అక్కడ అక్క ఫొటోలో ఆ చివర, తను ఈ చివర, మధ్యలో పెళ్ళివారంతా. ఇప్పుడా పెట్టెలు సర్దే పని మనుషులు చెయ్యడం లేదు, పైప్‌లైన్ చేస్తోంది. ఎవరైనా ప్రోగ్రామ్‌లో ఒక లైను మారిస్తే చాలు, అది దానంతటదే లేచి, ఏమేం పెట్టాలో రాసి ఉన్న తయారీ ఫైలు చదువుకుని, వరసగా సర్ది, పరీక్షించి, అన్నీ పచ్చగా ఉంటే తీసుకెళ్ళి గోదాములో పెట్టేస్తుంది. దాన్ని ఈ ఆఫీసులోకి తెచ్చింది పొట్టి. దానికి ముందు ఆ పని చేసినవి అక్క చేతులు.

పెట్టె సర్దడమంటే అక్కే. ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా పెట్టె అక్క ముందుకు వచ్చేది. పొట్టి మొదటిసారి హాస్టల్‌కు వెళ్ళేటప్పుడు నా పెట్టె నేనే సర్దుకుంటానని పేచీ పెట్టి, మంచం నిండా బట్టలు పరిచి, వాటి మీదే నిద్రపోయింది. లేచేసరికి పెట్టె మీద కూర్చుని అక్క జిప్పు లాగుతోంది. ఏమేం పెట్టావంటే కావలసినవన్నీ ఉన్నాయి పో అంది. హాస్టల్లో అవి ఒక్కొక్కటే బయటపడ్డాయి, చొక్కా మడతల్లో పిన్నీసులు, సాక్సులో దోపిన టార్చి, పక్క అరలో జ్వరం మాత్రలు, ఎందుకో తెలియని ఒక నాడా. కరెంటు పోయిన రోజు ఆ టార్చి కోసం గది గదంతా పొట్టి మంచం చుట్టూ చేరింది, కిటికీ రెక్క ఊడిన రోజు నాడా ఎందుకో తెలిసింది. అక్క అడగనివి పెడుతుంది, ఎందుకు పెట్టిందో చెప్పదు. కంపెనీ మొట్టమొదటి ఇమేజ్‌నూ అక్క అలాగే సర్దింది. ఖాళీ పెట్టెలోకి తనే దిగి, ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించి, నడవకపోతే తీసి ఇంకోటి ఎక్కించి, అంతా నడిచాక బయటికొచ్చి మూతేసి సీలు వేసింది. మామూలు ఇమేజ్‌ను విప్పితే పొరలు పొరలుగా ఉంటుంది, ఏ పొర ఏ ఆదేశంతో వచ్చిందో పక్కనే కనబడుతుంది. అక్క ఇమేజ్‌ను విప్పితే ఒకటే మందపాటి పొర, పక్కన ఖాళీ. అక్క పొయ్యి తుడిచాక ఆ పూట ఏం వండారో చెప్పడం ఎవరి తరమూ కాదు, ఇదీ అంతే.

మూడోది పచ్చబడింది. నాలుగోది తిరగడం మొదలుపెట్టింది. పొట్టి లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియక కిటికీ దాకా వెళ్ళింది, కింద రోడ్డు మీద సిగ్నల్ దగ్గర బండ్లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ఆగి ఉన్నాయి, షట్టర్ వేసిన షాపు ముందు ఒక కుక్క ఎవరి గొడవా పట్టనట్టు పడుకుని ఉంది, దాని పని హాయి. వీళ్ళ ప్రోగ్రామ్ చేసే పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. రక్తపరీక్షల ల్యాబుల్లో గాజు గొట్టాల మీద అంటించే లేబుళ్ళు అచ్చు వేస్తుంది, వేలెడంత కాగితం, దాని మీద పేరు, నంబరు, నాలుగు నల్ల గీతలు. ఆ ప్రోగ్రామ్ మీద ఎన్ని కొత్త హంగులు కట్టినా అన్నిటికీ అడుగున ఉన్నది అక్క సర్దిన ఆ పాత పెట్టే. ఎలా తయారైందో రాసి లేని ఏ ఇమేజ్‌నీ ఈ సాయంత్రం నుంచి రిజిస్ట్రీ బయటికి ఇవ్వదు, అది కొత్త నియమం. రేపు పొద్దున ఊరూరా కౌంటర్లలో మెషీన్లు ఆన్ చేస్తారు, గోదాము పాతది ఇవ్వనంటుంది, కొత్తది లేకపోతే లేబుళ్ళు లేవు, లేబుల్ లేని గొట్టంలో రక్తం ఎవరిదో దేవుడికే తెలియాలి. ఇంతకీ ఈ నియమం కావాలని పోట్లాడిందెవరయ్యా అంటే పొట్టే. రెండేళ్ళ కింద మొత్తుకుంటే పైవాళ్ళకు ఇప్పటికి చెవికెక్కింది. అడిగి మరీ తెచ్చుకున్న చిక్కు కాబట్టి ఎవర్నీ తిట్టుకునే సుఖం కూడా లేదు.

తిరిగి వచ్చేసరికి ఎరుపు. ఆశ్చర్యం కూడా వెయ్యలేదు. వారం రోజులుగా కూర్చుని తయారీ ఫైలు కొత్తగా రాసింది, అక్క పెట్టె లోపల ఏముందో టార్చి వేసి వెతికినట్టు వెతికి ఒక్కొక్క లైనూ రాసింది, అన్నీ కుదిరాయి, ఈ ఒక్కటి తప్ప. లేబుల్ టెస్టు చేసేది ఇదీ: ఒక నమూనా లేబుల్ అచ్చు వేసి, దాని బొమ్మను ఎప్పుడో సరైనదని ఒప్పుకున్న పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తుంది, తేడా ఉన్నచోట ఎర్రగా పులుముతుంది. నమూనా పేరు అమ్మది. ఇంటిపేరే అంత పొడుగు, దాని వెనక ముత్తవ్వ పేరు, దాని వెనక అమ్మ పేరు, అది చాలనట్టు చివర తగిలించిన తోక. ప్రపంచంలో పేర్లే దొరకనట్టు అమ్మ పేరు పెట్టిందేమిటి, బద్ధకం కాకపోతే, అని పొట్టి అనుకునేది. ఇప్పుడా పేరు పాత బొమ్మలో చివరిదాకా ఉంది, కొత్త బొమ్మలో తోక దగ్గర కాగితం అయిపోయింది. చివరి అక్షరం తెగింది. అదే పేరున్న ఫాంట్, అదే సైజు, అయినా కొత్త పెట్టెలో అక్షరాలు వెంట్రుకవాసి వెడల్పుగా పడుతున్నాయి. అంటే అక్క ఆ ఫాంట్‌ను ఏదో చేసింది. ఏం చేసింది, ఎలా చేసింది, అసలు అంత పని ఎందుకు పెట్టుకుంది?

మేనేజర్ కాఫీ కప్పుతో వచ్చి వెనక నిలబడ్డాడు. ఆయన నిలబడ్డాడని వాసన చెప్పింది.

“ఇంకా ఎర్రగానే ఉందా అండీ?”

“లేబుల్ బొమ్మ తేడా వస్తోందండి. చివరి అక్షరం తెగుతోంది.”

ఆయన వంగి, కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. “ఇదా! నేనింకా ఏమో అనుకున్నా. ఇంత పొడుగు పేరు ఎవరికుంటుందండీ లోకంలో? కొత్త బొమ్మే కరెక్టని ఒప్పేసుకోండి, అయిపోతుంది. సాయంత్రం లోపు పచ్చగా కనబడాలి, పైనుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది.”

మా అమ్మకుంటుందండీ అనబోయి ఊరుకుంది. ఆయన వెళ్ళాడు, కాఫీ వాసన కాసేపు ఉంది. ఒప్పేసుకోవడం ఎంత తేలికో ఆమెకూ తెలుసు. బొమ్మ కింద మీట ఉంది, ఇదే సరైనదిగా తీసుకో అని, దాన్ని నొక్కితే ఇకముందు తెగిన పేరే అసలు పేరవుతుంది, రేపు ఎప్పుడైనా పేరు పూర్తిగా పడిందంటే అప్పుడు టెస్టు ఎర్రబడుతుంది. ఈ వృత్తిలో రోజూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు నొక్కే మీటే. తనూ నొక్కింది, రంగు తేడా వచ్చినప్పుడు, గీత పక్కకు జరిగినప్పుడు. మీట మీదికి మౌస్ బాణం వెళ్ళింది, అక్కడే నిలబడింది, వేలు నొక్కలేదు. ఇంకోసారి బిల్డ్ మొదలుపెట్టింది, పెట్టె సర్దుడంతా మొదట్నుంచి, ఏదీ మార్చకుండానే, మార్చకుండా మళ్ళీ నడిపితే మాత్రం వేరేలా వస్తుందా, రాదు, అయినా తిరుగుతున్నది చూస్తుంటే ఏదో చేస్తున్నట్టు ఉంటుంది. అక్కను అడిగితే ఒక్క మాటలో తేలిపోతుంది. ఏ మొహం పెట్టుకుని అడగాలి? రాసి పెట్టనిదాన్ని నమ్మకూడదని ఊరంతా చాటింది తనే కదా.

ఆ మీటింగు రోజు పొట్టి వేసుకున్నది నీలం చొక్కా. చొక్కా రంగెందుకు గుర్తుందో, ఇస్త్రీ చేసి ఇచ్చింది అక్క. పైప్‌లైన్ ఎందుకు కావాలో పెద్దవాళ్ళకు చెప్పాలి, ముందురోజంతా అద్దం ముందు అప్పజెప్పుకుంది, గొంతు వణకకూడదు, చేతులు ఊపకూడదు. బాగానే మొదలుపెట్టింది. మన కంపెనీ మొత్తం ఒక మనిషి చేత్తో సర్దిన ఒక పెట్టె మీద నిలబడి ఉంది, అందులో ఏముందో ఆ ఒక్క మనిషికి తప్ప తెలియదు అంది. ఎవరో అడిగారు, అయితే నష్టమేమిటి, ఆవిడ ఇక్కడే ఉందిగా అని. దానికి వృత్తిలో అందరూ అనే మాట ఒకటుంది, పుస్తకాల్లో కూడా ఉంటుంది, ఎవరికీ తగలని మాట, నోటికి అలవాటైన మాట, అది వచ్చేసింది. “రేపు ఆవిణ్ణి బస్సు గుద్దితే?” ఆవిడ అంటే అక్క, మూడో కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఇద్దరి హెల్మెట్లూ పెట్టుకుని. గదంతా నవ్వింది. అందరూ నవ్వారు, అందరూ అంటే, సరే, నవ్వారు, అక్కడితో ఆ సంగతి వదిలెయ్. అక్క నవ్వలేదు, కోప్పడలేదు, సరే అంది, అలాగే చెయ్యండి అంది. సాయంత్రం స్కూటర్ మీద ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా మామూలుగానే ఉంది, కూరగాయల దగ్గర ఆపమంది. నెల తిరిగేసరికి వేరే కంపెనీలో చేరింది, వేరే ఇల్లు తీసుకుంది. బస్సేదీ గుద్దకుండానే అక్క వెళ్ళిపోయింది. తర్వాత ఏదడిగినా అమ్మ ద్వారానే, అమ్మ ఒక్కతే పోస్టాఫీసు.

ఫోను బల్ల మీద గిరగిరా తిరిగింది. చూస్తే అదే పోస్టాఫీసు.

“ఏమే, ఎర్ర సూట్‌కేసు నీ దగ్గరుందా? మీ అక్క అడగమంది. అంటే, తను అడగలేదనుకో, నేనే అడుగుతున్నా.”

“నా దగ్గరే ఉందమ్మా. ఎక్కడికెళ్తోంది?”

“ఎక్కడికీ లేదు. ఉందా లేదా అని. మంచిదే కదా, పెద్ద పెట్టె.” అమ్మ ఒక అబద్ధం చెప్పాక దాన్ని కప్పడానికి ఎప్పుడూ వేరే విషయంలోకి దూకుతుంది, దూకింది. “రేపు పొద్దున నా రక్తపరీక్ష, ఏమీ తినకూడదట, కాఫీ కూడా. మీ అక్క వస్తోంది తోడు. అది వస్తే నాకదో తలనొప్పి. కౌంటర్ పిల్ల గొట్టం మీద చీటీ అంటించగానే ఇటివ్వండని లాక్కుంటుంది, కళ్ళు చిట్లించి నా పేరు చివరిదాకా చదువుతుంది, అప్పుడు గానీ సూది గుచ్చనివ్వదు. ప్రతిసారీ ఇదే. ఆ పిల్ల నవ్వుతుంది. నాకు సిగ్గేస్తుంది.”

“ప్రతిసారీనా? ఎప్పట్నుంచీ?”

“అదే, ఆ తప్పు రిపోర్టు వచ్చినప్పట్నుంచీ. నువ్వప్పుడు ట్రైనింగుకని ఊళ్ళో లేవు. సరే, పని చేసుకో. సూట్‌కేసు దుమ్ము దులుపు.”

గుండ్రం తిరుగుతోంది, రెండో అంచె, మూడో అంచె, ఎక్కడుందో పొట్టి చూడలేదు. తప్పు రిపోర్టు. దాని గురించి ఆమెకు తెలిసింది ఫోన్లో విన్న నాలుగు ముక్కలే, అమ్మ కిడ్నీలు పాడయ్యాయన్నారు, అక్క అమ్మను వేసుకుని డాక్టర్ల చుట్టూ తిరిగింది, వారం తర్వాత అబ్బే అది మీది కాదు, వేరే ఆవిడదన్నారు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు, తను హాస్టల్ మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చి లోపలికెళ్ళి పడుకుంది. ఎలా మారిందని అడగలేదు. ల్యాబులో ఎవరో పరధ్యానంగా ఉండి ఉంటారు అనుకుంది. ఆ ల్యాబు లేబుళ్ళు వేసేది తమ ప్రోగ్రామేనని తెలిసి కూడా ఆ రెంటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. అమ్మ పేరులో తోక పోతే మిగిలేది ఇంకొకరి పేరు కావచ్చు. నంబరు ఉంటుంది, ఉంటే మాత్రం, ట్రేలో గొట్టాలు వెతికేవాళ్ళు హడావుడిలో చూసేది పేరునే. వేలెడు కాగితం మీద పేరు పట్టక, చివరి అక్షరం దగ్గర కాగితం అయిపోతే. నమూనాకు అమ్మ పేరు పెట్టింది బద్ధకించి కాదు. ఇందాక బాణం ఆ మీట మీద ఎంతసేపు ఉంది? రేపు పొద్దున అమ్మ అదే కౌంటర్ ముందు చెయ్యి చాపుతుంది, అక్క కళ్ళు చిట్లించి చదువుతుంది, అక్క లేని కౌంటర్లలో ఎవరు చదువుతారు? ఏ మొహం పెట్టుకునైనా సరే, అడగాల్సిందే. అక్క నంబరు పైకి కిందికి జరుపుకుంటూ వెతకాల్సి రావడమే ఒక సిగ్గు, ఒకప్పుడు మొట్టమొదట ఉండేది. మోగింది. రెండుసార్లు మోగింది. తియ్యదేమో. తియ్యకపోతే బాగుండునేమో కూడా.

“అక్కా, నేను.”

“తెలుసు. నంబరు కనబడదా ఏమిటి.” వెనకాల హారన్లు, ఎవరో ఎవర్నో పిలుస్తున్న గోల. “పేరు తెగిందా?”

“నీకెలా తెలుసు?” అంది పొట్టి.

“ఇంకెందుకు చేస్తావే పనివేళలో. ఆ పెట్టెలో తెగడానికి ఉన్నది అదొక్కటే. రెండేళ్ళ నుంచి చూస్తున్నా, ఇవాళ తెగుతుందా రేపు తెగుతుందా అని. రేపెటూ అమ్మతో వెళ్తానుగా, అక్కడే తెలిసేదిలే నాకు.”

ఆ చివర ఏదో పెద్దబండి బ్రేకు వేసింది, ఫోన్లోంచి చెవిలోకి దూసుకొచ్చినంత గట్టిగా, కీచుమని. “అక్కా! వెనక్కి జరుగు, వెనక్కి!” పొట్టి కుర్చీలోంచి లేచి నిలబడి అరిచింది. ఆఫీసంతా తలలు తిప్పి చూసింది. అవతల అక్క నవ్వింది, ముందు ముక్కులోంచి, తర్వాత ఆపుకోలేక, కళ్ళు మూసుకుపోయి ఉంటాయి.

“బస్‌స్టాపులో ఉన్నానే. నా బస్సే వచ్చింది. ఎక్కనీ, ఉండు, పెట్టెయ్యకు.”

పెట్టెయ్యలేదు. మెట్లెక్కిన చప్పుడు, జరగండి జరగండి అంటూ ఎవరో, సంచి ఒళ్ళో పెట్టుకున్న చప్పుడు, అన్నీ వింటూ నిలబడే ఉంది. “కూర్చున్నా. ఇప్పుడు రాసుకో,” అంది అక్క. ఏ ఫాంట్, దాన్ని విప్పే టూల్ ఏది, అక్షరాల మధ్య జాగా ఎంత తగ్గించాలి, అప్పటికీ పేరు పట్టకపోతే దానంతటదే చిన్నదయ్యేలా పెట్టిన చిన్న ఫైలు ఎక్కడుండాలి, వరసగా చెప్పింది, ఎక్కడా తడుముకోలేదు. పొట్టి ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి తయారీ ఫైల్లో ఒక్కొక్క లైనూ కొట్టింది. కొట్టి ఆగింది.

“ఎందుకు చేశావో కూడా చెప్పక్కా. అదీ రాస్తాను.”

బస్సు చాలాసేపు నడిచింది. “అమ్మ రిపోర్టు ఇంకొకావిడది కదా,” అంది అక్క, గొంతు తగ్గించి. “మరి ఆవిడకు అమ్మ రిపోర్టు వెళ్ళింది. అంతా బాగుందని అది పట్టుకుని సంతోషంగా ఇంటికెళ్ళిపోయింది. పేరు తెగింది నా లేబుల్ మీదే. నేనే వెతికాను ఆవిణ్ణి, వీధి వీధీ తిరిగి.”

“దొరికిందా?”

“దొరికింది. మందులకు లొంగే దశలోనే దొరికింది. ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. నేను ల్యాబు మనిషిననుకుంటుంది.”

“మరి ఆ మీటింగులో ఎందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పనే, మా అమ్మను వారం రోజులు చావుకు భయపెట్టింది నేనేనని పదిమందిలోనా? అయినా నువ్వన్నది తప్పు కాదు. రాసి పెట్టకపోవడం నా తప్పే.” ఒళ్ళో సంచి సర్దుకున్న చప్పుడు. “బస్సు మాట కూడా అందరూ అనేదే, నాకు తెలియదా. వాళ్ళంతా నవ్వుతుంటే నువ్వు కూడా నవ్వావు చూడు.”

నవ్వింది. అవును. రెండేళ్ళుగా ఆలోచన ఆ చోటికి వచ్చినప్పుడల్లా పక్కకు తప్పుకుని పోయేది, ఇప్పుడు తప్పుకోవడానికి దారి లేదు. మాట పేలినందుకు, పెద్దవాళ్ళు నవ్వినందుకు, గొంతు వణకనందుకు, అక్క ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, అక్క కళ్ళలోకి చూస్తూ నవ్వింది. “నవ్వాను,” అంది పొట్టి. “తప్పయిపోయింది అక్కా. తల్చుకుంటే సిగ్గేస్తోంది.” కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తిరిగితే తిరిగాయి, తుడుచుకోలేదు.

అక్క ఫర్వాలేదు అనలేదు. “బిల్డ్ పెట్టావా?” అంది.

పెట్టింది. పెట్టేముందు ఆ లైన్ల మీద నాలుగు మాటలు రాసింది: పేరు తెగితే గొట్టం మారుతుంది, ఒకరి రోగం ఇంకొకరికి చెబుతాం, ఈ లైన్లు తీయకండి. దాని కింద అనుమానముంటే మా అక్కను అడగండి అని కూడా కొట్టి, నవ్వొచ్చి, ఆ ముక్క చెరిపేసింది. గుండ్రం తిరగడం మొదలైంది. అక్క ఏ వీధి దాటుతోందో బస్సు చప్పుడు బట్టి ఊహించుకుంటోంది పొట్టి, ఇది వంతెన అయి ఉంటుంది, చక్రాల శబ్దం మారింది, ఇక్కడేదో బడి వదిలినట్టుంది, పిల్లల గోల. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు, ఎవరూ పెట్టెయ్యడమూ లేదు. మేనేజర్ దూరం నుంచి ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు, ఆగమన్నట్టు ఈమె చెయ్యి చూపింది. మొదటిది పచ్చ. రెండోది పచ్చ. ఎర్ర సూట్‌కేసు ఎందుకడిగావు అని అడిగితే, అడగలేదే అంది అక్క, అమ్మ అడిగిందా, ఏం మనిషో. మూడోది పచ్చ. నాలుగోది తిరుగుతోంది, తిరుగుతోంది, పొట్టి సీసా మీద గీకడానికి ఇంక కాగితం లేదు.

“పచ్చ,” అంది.

“రంగు చెప్పకు. పేరు చదువు.”

బొమ్మ తెరిచింది. పేరు చదవడం మొదలుపెట్టింది, మెల్లగా, పైకి, ఇంటిపేరు, ముత్తవ్వ పేరు, అమ్మ పేరు, పక్క సీట్లవాళ్ళు చూస్తున్నారు, చూడనీ, తోక కూడా చదివింది, తోకలో చివరి అక్షరం కూడా. దాని తర్వాత ఇంకా పిసరంత తెల్లకాగితం మిగిలి ఉంది. పైప్‌లైన్ తన పని తాను చేసుకుంటూ కొత్త పెట్టెకు సీలు వేసి గోదాముకు మోసుకుపోయింది.

“సరే,” అంది అక్క, పెద్ద నిట్టూర్పు విడిచి. “రేపు ఏడింటికల్లా ల్యాబుకు వచ్చెయ్. ఈసారి చీటీ నువ్వు చదువుదువుగాని. ఉంటానే, నా స్టాపు వచ్చింది.”

“అక్కా, పూర్తిగా ఆగాకే దిగు.”

అవతల బ్రేకులు, తలుపు తెరుచుకున్న చప్పుడు, మెట్ల మీద చెప్పులు. పొట్టి వింటోంది.

“దిగానే,” అంది అక్క.